నాలుగో నెల, నా ముక్కు, మా అత్త బతుకమ్మ

మా ఇంట్లో నేను ఎక్కడున్నానని ఎవరూ అడగరు. నా ముక్కే చెబుతుంది. వానలు వెనకబట్టిన దగ్గర్నుంచి దీపావళి దాటేదాకా, సూరత్‌లో మా బమ్రోలి గల్లీలో పొద్దున్నే మొదట వినిపించేది నా తుమ్ము. ఒకటి తుమ్మి ఊరుకునే రకం కాదు నేను. పది, పదకొండు, ఒక్కోసారి లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి. మా ఆయన మరమగ్గాల కార్ఖానాలో డ్యూటీ దిగి మలుపు తిరుగుతూనే నా తుమ్ములు విని, ఆ, ఇంట్లోనే ఉంది అనుకుని నిమ్మళంగా నడిచేవాడట.

ఈ ముక్కు నాకు పుట్టింటి నుంచి వచ్చిన సారె. కరీంనగర్ దిక్కు మా ఊళ్ళో బడికి పోయే రోజుల్లో, లెక్కల సారు బోర్డు మీద లెక్క వేసి జవాబెంత అని నన్ను అడిగాడు. నేను వరసగా ఆరు తుమ్ములు తుమ్మాను. జవాబు కూడా ఆరే. మెచ్చుకోవాలో కొట్టాలో తెలియక సారు రెండూ చేశాడు. ఏడో తరగతితో బడి మానేశాను. ముక్కు వల్ల కాదు లెండి, ఇంట్లో బీడీలు చుట్టే చేతులు తక్కువయ్యాయి. ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను కాబట్టి ముందు ముందు వచ్చే డాక్టరమ్మ మాటలు నా నోట్లో పడి కొంచెం వంకర పోయి ఉండవచ్చు. మాటలు వంకర పోయాయి గాని మందులు మాత్రం ఆమె చెప్పినట్టే వాడాను.

పెళ్ళయి సూరత్ వచ్చాక నా ముక్కుకి ఒక మందు దొరికింది. కార్ఖానాలో మగ్గాలు ఆడుతున్నంతసేపూ గాలిలో దారపు నుసి ఎగురుతూనే ఉంటుంది. అక్కడ తుమ్మని మనిషి లేడు. అందుకని మగ్గం వాళ్ళంతా ఒకే సర్దిగోలి వేసుకుంటారు. దాని పేరు ఎవరికీ తెలియదు, గోలీల పట్టీ పచ్చగా ఉంటుందని మాత్రం తెలుసు. మందుల షాపుకి పోయి "లూమ్‌వాలా గోలి" అంటే చాలు, షాపు భాయ్ తల ఎత్తకుండానే తీసిచ్చేస్తాడు. మా ఆయన చొక్కా జేబులో అది ఎప్పుడూ ఉండేది. నేనూ అందులోంచి ఒకటి తీసి మింగేదాన్ని. మింగితే ముక్కు ఎండిపోయేది, నేను మధ్యాహ్నమంతా పడి నిద్రపోయేదాన్ని. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించి ఇచ్చే పని నాది, ఆ రోజుకి అది మూలన పడేది.

రెండేళ్ళ కిందట మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు మూడో నెలలో పోయింది. ఇంత చిన్న వాక్యంలో చెప్పేశానేమిటా అనుకోకండి, పెద్ద వాక్యంలో చెప్పడం నాకు చేతకాలేదు. అది పోవడానికి నాలుగు రోజుల ముందు నేను ఆ గోలీలు రెండు మింగాను.

మా అత్త చెడ్డ మనిషి కాదు. వారం రోజులు నన్ను మంచం దిగనివ్వలేదు, నా బట్టలు కూడా తనే ఉతికింది. ఉతుకుతూ ఉతుకుతూ ఒక్కసారే అన్నది.

"ఆ గోలి మింగకపోయుంటే ఉంటుండె."

మళ్ళీ ఎప్పుడూ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేకపోయింది. రెండేళ్ళూ ఆ మాటను నాకు నేనే చెప్పుకున్నాను.

అందుకే రెండోసారి నిలిచినప్పుడు ఇంట్లో కర్ఫ్యూ పడింది. మా ఆయన పట్టుబట్టి తాపీ నది అవతల అడాజన్‌లో ఉండే డాక్టరమ్మ దగ్గర పేరు రాయించాడు. మా అత్త తన వంతుగా ఇంట్లో ఉన్న మందులన్నీ ఏరి సంచిలో కట్టి పక్కింట్లో పెట్టి వచ్చింది. తలనొప్పి బామ్ సీసా కూడా పోయింది. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ గోలీలను చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది మందు గాదు, బలం" అని తీర్పు చెప్పి వదిలేసింది.

మూడో నెల గడిచింది. ఇంట్లో ఎవరూ బయటికి అనలేదు గాని ముగ్గురం ఆ రోజు ఊపిరి వదిలాం. నేనైతే ఊపిరితో పాటు తుమ్ము కూడా వదిలాను. నాలుగో నెల సరిగ్గా నా ముక్కు సీజన్‌లో వచ్చి పడింది.

తుమ్మినప్పుడు మనిషి తల నుంచి కాలి దాకా కదులుతుంది కదా. మరి లోపలున్నది కదలదా? ఒక్కో తుమ్ముకి అది కొంచెం కొంచెం కిందికి జారుతున్నట్టు నాకు అనిపించేది. తుమ్ము వస్తోందని తెలియగానే కత్తెర పడేసి రెండు చేతులా కడుపు పట్టుకునేదాన్ని, మా అత్త వంటింట్లోంచి పరుగున వచ్చి నా ముక్కు పట్టుకునేది.

"ఆపుకో బిడ్డా, జర ఆపుకో!"

"ఆపుకుంటే చెవులకెళ్ళి వస్తున్నది అత్తమ్మా."

"చెవులకెళ్ళి వస్తే రానీ. జోరు కిందికి పోవద్దు."

ఇలా మేమిద్దరం నా ముక్కు మీద, కడుపు మీద నాలుగు చేతులు వేసి నిలబడి ఉంటే, చూసినవాళ్ళు ఏదో కొత్త రకం గర్బా నేర్చుకుంటున్నాం అనుకున్నా తప్పు లేదు. ఆపుకున్న తుమ్ములు ఎక్కడికీ పోవు. తలలో గూడు కట్టుకుని కూర్చుంటాయి. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు మూసుకుపోయింది, నోరు తెరుచుకుని పడుకోవడంతో పొద్దున్నకి నాలుక గుడ్డపేలికలా ఎండిపోయేది. మందు వద్దు కాబట్టి మా అత్త పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టింది. ఆ పొగకి నేను పద్నాలుగు తుమ్మాను, ఇల్లు అంటుకుందేమోనని చూడవచ్చిన పక్కింటావిడ మూడు తుమ్మింది.

అప్పుడే బతుకమ్మ వచ్చింది.

సూరత్‌లో ఆ రోజులు గర్బావి. ఊరంతా మైకులు, అద్దాల గాగ్రాలు. మా గల్లీలో మాత్రం మగ్గం వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు చిన్న మైదానంలో బతుకమ్మలు పెట్టుకుని చప్పట్లు కొడతారు. బంతిపూలకి లోటు లేదు, బజారులో రాశులు పోసి ఉంటాయి. తంగేడు ఊరి నుంచి రైల్లో ఎవరో ఒకరు తెస్తారు. ఇబ్బందంతా గునుగు పూలతోనే. బతుకమ్మ ఎత్తు పెరగాలంటే గునుగు కావాలి, రంగుల వరసలు రావాలంటే గునుగు కావాలి, అది ఇక్కడ దొరకదు. ఇరవయ్యేళ్ళ కిందట ఊళ్ళ నుంచి వచ్చిన మా అత్త, ఆమె జట్టు ఆడవాళ్ళు దానికొక ఉపాయం కనిపెట్టారు. మిల్లుల వెనక ఖాళీ ప్లాట్లలో వానలు పడగానే నడుమెత్తు పెరిగే పిచ్చిమొక్క ఒకటుంది. క్యారెట్ ఆకులాంటి ఆకు, పైన గుత్తులు గుత్తులుగా తెల్లటి చిట్టి పూలు. వాటిని కోసి, గుప్పెడు గుప్పెడు కట్టలు కట్టి, రంగునీళ్ళలో ముంచితే దూరం నుంచి గునుగులాగే ఉంటుంది. దగ్గరికొచ్చి ముక్కు పెట్టి చూసేదెవరు? ముక్కు పెట్టింది నేనొక్కదాన్నే.

ప్రతి ఏడూ బతుకమ్మ రోజుల్లో మా అత్త అరచేతులు దురద పెట్టేవి. రంగు పడలేదని రంగు మార్చేది. ఇరవయ్యేళ్ళలో రంగులన్నీ అయిపోయాయి గాని దురద మాత్రం పోలేదు.

ఆ ఏడు ఆమె మొక్కుకుంది. "తొమ్మిది దినాలు మనింట్లనే పేరుస్త. గల్లీల అందరికన్న పెద్దగ. పుట్టేటి బిడ్డ పేరు మీద."

మాది ఒక గది, ఒక వంటిల్లు. కోసుకొచ్చిన పూలు పెట్టడానికి చోటు లేక రెండు సంచులు నా మంచం కింద పెట్టింది. కట్టలు కట్టడానికి చురుకైన వేళ్ళు కావాలి, దారం పనిలో ఆరితేరిన వేళ్ళు ఇంట్లో నావే. పొద్దున్నే పీట వేసుకుని ఒళ్ళో పూలు పోసుకుని కూర్చునేదాన్ని. నా బిడ్డ క్షేమం కోసం నేనే ఆ పూలను ఒక్కో కట్టా కట్టి, ఒక్కో కట్టకీ తుమ్ముతూ, ఒక్కో తుమ్ముకీ కడుపు పట్టుకునేదాన్ని. పాపం మా అత్త నా ఆయాసం చూసి బిడ్డ కోసం ఇంకొంచెం పెద్ద బతుకమ్మ పేర్చేది. అందుకోసం ఇంకో సంచి పూలు వచ్చేవి.

నాలుగో రోజుకి నా కళ్ళు గీతల్లా అయిపోయాయి. ఛాతీలో ఈల మొదలైంది. ఊపిరి వదిలితే సన్నగా కూత. మా ఆయన చెవి పెట్టి విన్నాడు.

"నీ లోపట మగ్గం నడుస్తున్నదే."

"దారం కండె అయిపోయిందేమో, మార్చు."

నవ్వబోయాను, దగ్గు వచ్చింది, దగ్గు ఆగలేదు. ఆయన నవ్వలేదు. నా జోకుకి ఆయన నవ్వకపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అక్కడే నాకు భయం వేసింది.

మా అత్త పూలకి పోయిన సమయం చూసి ఆయన జేబులోంచి పచ్చ పట్టీ తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇగో, ఒక్కటేస్కో. అమ్మకు చెప్పకు."

"గిదే కదా అప్పుడు మింగింది."

"గప్పుడు గిదే చేసిందని ఎవరు చూసిండ్రు? నీకు ఊపిరి ఆడుతలేదే పిల్లా. నాకు చూడబుద్ధి అయితలేదు."

"మరి ఈసారి గూడ..."

పట్టీ అటూ ఇటూ తిప్పి చూశాను. వెనక చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు. నా ఏడో తరగతి అక్కడ పనికి రాలేదు. మింగితే బిడ్డకి ఏమవుతుందో తెలియదు, మింగకపోతే నాకేమవుతుందో తెలియదు. నాకు తెలియనిది తెలిసినవాళ్ళు తాపీ అవతల ఉన్నారు.

"మింగను, పారెయ్యను. డాక్టరమ్మకు చూపెడతా."

"మనకు వచ్చే వారం కదా రమ్మన్నది?"

"ముక్కుకు వారాలు తెల్వయి. రేపు తోల్కపో."

మా అత్త సంగతి విని, "నేను గూడ వస్త" అన్నది. నన్ను ఒంటరిగా పంపిస్తే డాక్టరమ్మ ఏదో ఒక గోలి మింగిస్తుందని ఆమె భయం. పాత రిపోర్టులన్నీ చేతికి దొరికిన గుడ్డసంచిలో వేసుకుని చంకన పెట్టుకుంది.

మర్నాడు బస్సులో అడాజన్ దాకా ముఖానికి చున్నీ చుట్టుకుని కూర్చున్నాను. సీటు కోసం ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. నా కడుపు ఇంకా ఎవరికీ కనబడటం లేదు గాని, ఎక్కగానే నాలుగు తుమ్మేసరికి మూడు సీట్లు ఖాళీ అయ్యాయి. మా ముగ్గురికీ సరిగ్గా సరిపోయాయి.

డాక్టరమ్మ గుజరాతీ ఆవిడ. మాతో హిందీలో మాట్లాడుతుంది, నేను తెలుగు చేసి రాస్తున్నాను. చెల్లీ, పిన్నీ అన్నట్టు ఆవిడ పిలిచే బేన్, మాసీ మాత్రం అలాగే ఉంచాను. ముందు నా వేలికి బట్టల క్లిప్పు లాంటిది తగిలించి చూసింది, వీపు మీద గొట్టం పెట్టి విన్నది. ఆయాసం మందు పీల్చే పంపు ఒకటి నోట్లో పెట్టి పీల్చమంది. కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ విన్నది. ఈల సన్నబడింది.

"ఏం మందులు వేసుకున్నావు బేన్?"

నేను నోరు తెరిచేలోపు మా అత్త గర్వంగా చెప్పేసింది. "కుఛ్ నహీ. ఒక్కటి గూడ వెయ్యనియ్యలే."

డాక్టరమ్మ మెచ్చుకోలేదు. నేను పచ్చ పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. మా అత్త నన్ను చూసింది, మా ఆయన గోడను చూశాడు.

"ఇది ఇప్పుడు వేసుకోలేదు మేడమ్. అప్పుడు వేసుకున్నాను. మొదటిది పోయినప్పుడు."

చెప్పడం మొదలుపెట్టాక మొత్తం చెప్పేశాను. రెండు గోలీలు, నాలుగు రోజులు, మూడో నెల. ఇప్పుడు ఒక్కో తుమ్ముకీ కడుపు పట్టుకుంటున్న సంగతి కూడా. ఆవిడ పట్టీ వెనక ఉన్న చీమల్ని చదివింది.

"ఇందులో రెండు మూడు మందులు కలిపి ఉన్నాయి. ఒకటి ముక్కు దిబ్బడ తగ్గించడానికి రక్తనాళాలను బిగించేది. కడుపుతో ఉన్నప్పుడు, అందులోనూ మొదటి మూడు నెలల్లో, అది వద్దంటాం. ఇకముందు వేసుకోకు. కానీ బేన్, రెండు గోలీల వల్ల బిడ్డ పోయిందని నేను చెప్పలేను. ఎవరూ చెప్పలేరు. అంత తొందరగా పోయేవాటిలో ఎక్కువ భాగం బిడ్డ మొదట్లోనే సరిగ్గా రూపు కట్టుకోక పోతాయి. నువ్వు చేసిన పని కాదు అది."

ఎవరేమన్నా అందుకు ఒక మాట అంటించడం నా అలవాటు. ఆ మాటను మాత్రం మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను, ఆవిడ మళ్ళీ చెప్పింది. మా అత్తకి హిందీ బాగా వచ్చు. ఆమె తన చెప్పుల వంక చూస్తూ కూర్చుంది.

"ఇంకో మాట," అన్నది డాక్టరమ్మ. "నీ బిడ్డ నీళ్ళసంచిలో ఉంది. నువ్వు తుమ్మితే ఉయ్యాల ఊగినట్టు ఊగుతుందేమో, అంతే. జారిపోదు. తుమ్ము ఆపుకోకు. నీకు గాలి అందకపోతే మాత్రం దానికీ కష్టమే. ఏ మందూ వేసుకోకుండా ఈల వేస్తూ కూర్చోవడం బిడ్డని కాపాడటం కాదు. పాత రిపోర్టులు ఏవి?"

మా అత్త సంచి ఎత్తి బల్ల మీద బోర్లించింది. రిపోర్టులతో పాటు రెండు గుప్పిళ్ళ తెల్లపూలు జలజలా రాలాయి. రోజూ పూలు కోసుకొచ్చే సంచి అదే మరి.

డాక్టరమ్మ కుర్చీతో సహా వెనక్కి జరిగింది. "అరే! గాజర్ ఘాస్! ఈ క్యారెట్ గడ్డిని ఆస్పత్రిలోకి ఎందుకు తెచ్చారు?"

"దేవుని పూలు," అన్నది మా అత్త, కొంచెం పౌరుషంగా.

"మాసీ, ఊళ్ళో సగం మందిని తుమ్మించేదే దీని పుప్పొడి. దీని వల్లే నేను ఈ నెలల్లో కిటికీలు తీయను. ముట్టుకుంటే చేతులు కూడా దురద పెడతాయి." మా అత్త చేతులు వాటంతటవే కొంగులోకి పోయాయి. "ఇంట్లో గాని ఉందా?"

"మంచం కింద," అన్నాను నేను. "రెండు సంచులు."

"ఎవరి మంచం?"

"నాదే."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేసింది. మమ్మల్ని ముగ్గుర్నీ వరసగా చూసింది. నేను ఇంక ఆపుకోలేక అన్నాను. "మేడమ్, నేనే కట్టలు కట్టాను. మంచి దారంతో." మొదట మా ఆయన నవ్వాడు, తర్వాత ఆవిడ నవ్వింది. మా అత్త నవ్వలేదు.

అప్పుడు డాక్టరమ్మ చెప్పింది ఏం చేయాలో. ముందు ఆ పూలు ఇంట్లోంచి పోవాలి. పొద్దున, గాలి ఉన్నప్పుడు కిటికీలు మూసుకోవాలి, బట్టలు బయట ఆరేయకూడదు, బయటికెళ్ళి వస్తే ముఖం, తల కడుక్కోవాలి. ముక్కును ఉప్పునీళ్ళతో కడగాలి, ఆ నీళ్ళు మరగబెట్టి చల్లార్చినవే అయి ఉండాలి. ముక్కులో కొట్టుకునే మందు ఒకటి, తుమ్ములకి గోలి ఒకటి, ఈల కోసం పంపు.

"ఇవి నీ ఛాతీ విని, నీ నెల చూసి రాశాను. పక్కింటామెకి ఇవ్వకు, పక్కింటామెవి తీసుకోకు. పంపు పీల్చినా ఈల తగ్గకపోతే, ఒక మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం వస్తే ఆలోచించొద్దు, వెంటనే ఆస్పత్రికి వచ్చెయ్."

తిరుగు బస్సులో మా అత్త అరచేతులు తెరిచి ఒడిలో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. తాపీ వంతెన దాటాక అడిగింది.

"మరి ఇరవై ఏండ్ల సంది నా చేతులు గూడ గందుకేనా?"

"గందుకే అత్తమ్మా."

"రంగు షాపోణ్ణి ఎన్ని మాటలన్ననే నేను!"

ఇంటికి రాగానే నన్ను పక్కింట్లో కూర్చోబెట్టింది. రెండు సంచులూ మూతి కట్టి దూరంగా పడేసి వచ్చింది. సగం పేర్చిన బతుకమ్మను విప్పి బంతిపూలు మాత్రం పక్కన పెట్టింది. చీపురు పట్టబోయి ఆగి, దుమ్ము లేస్తుందని తడిగుడ్డతో నేలంతా తుడిచింది. దుప్పట్లు ఉతికి, తను స్నానం చేసి, అప్పుడు నన్ను లోపలికి పిలిచింది. బస్సు దిగి నేరుగా సగం పూట డ్యూటీకి పోయి వచ్చిన మా ఆయన్ని గడప బయటే ఆపింది. ఒంటి మీద నుసి ఉన్న మనిషికి స్నానం చేశాకే ప్రవేశం. ఆయన గల్లీలో తువ్వాలు కట్టుకుని నిలబడి, "నా ఇంట్లకు నాకే పర్మిషన్ లేదా?" అని అరిచాడు. "లేదు" అని ఇద్దరం ఒకేసారి చెప్పాం.

సాయంత్రం మైదానంలో మా అత్త బతుకమ్మ మోకాలి ఎత్తు కూడా లేదు. ఉత్త బంతిపూలు, నాలుగే వరసలు. ఇరవయ్యేళ్ళుగా గల్లీలో ఎత్తైన బతుకమ్మ ఆమెదే. మా ఎదురింటి పెద్దామె వదిలిపెడుతుందా?

"ఏందొదినె, నీ బతుకమ్మ గింత పొట్టిగైంది? మొక్కు గూడ పొట్టిదేనా?"

నేను దూరంగా, గాలికి ఎదురు కాకుండా కుర్చీలో కూర్చుని వింటున్నాను. మా అత్త ఏదో సాకు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు.

"మనం పెట్టేది గునుగు గాదు. విషపు మొక్క. దానితోనే నా కోడలికి ఊపిరి ఆడలే. నేనే తెచ్చి దాని మంచం కింద పెట్టిన."

ఎదురింటామె తన చేతులు గోక్కుంటూ అడిగింది. "మరి ఇన్నేండ్లు మనం దేన్ని మొక్కినమే?"

"గౌరమ్మను మొక్కినం. పువ్వును గాదు. ముందుగాల ఆ చేతులు కడుక్కో పో."

ముక్కు కడగడం మొదటి రోజు పెద్ద తమాషా. మా అత్త నీళ్ళు మరగబెట్టింది, చల్లార్చింది, డాక్టరమ్మ చెప్పినంతే ఉప్పు కొలిచి వేసింది. పప్పులో ఉప్పు మాత్రం ఆమె ఇప్పటికీ కొలవదు. నేను తల పక్కకి వంచి సీసా నొక్కితే ఒక వైపు నుంచి పోసిన నీళ్ళు రెండో వైపు నుంచి వచ్చాయి. మా ఆయన గిన్నె పట్టుకుని, "బోరింగ్ పడ్డది" అని గల్లీకి వినబడేలా చెప్పాడు. ముక్కులో కొట్టే మందును మొదట్లో గట్టిగా పీల్చి గొంతులోకి పంపించేదాన్ని. తర్వాత మందు డబ్బాలోని కాగితంలో బొమ్మ చూసి నేర్చుకున్నాను. తల కొంచెం వంచి, సీసా మూతి ముక్కు బయటి గోడ వైపు తిప్పి, మెల్లగా. ఒక్క రోజులో మాయలేమీ జరగలేదు. నాలుగైదు రోజులకి నోరు మూసుకుని పడుకోగలిగాను. "నువ్వు నోరు మూసుకునుడు నేను చూస్తననుకోలే," అన్నాడు మా ఆయన. ఆయన నవ్వు తిరిగి వచ్చింది.

ఒక పొద్దున నేను ముక్కులో సీసా పెట్టుకుని గిన్నె మీదికి వంగి ఉన్నాను. మా అత్త పక్కనే నిలబడి ఉంది.

"గప్పుడు నేనొక మాటన్న," అన్నది.

నాకు నోరు ఖాళీ లేదు.

"గోలి మాట. మింగకపోతే ఉంటుండెనని. గట్ల గాదట గద. ఆ మాట నేను వాపస్ తీస్కుంటున్న బిడ్డా."

నా ఇష్టం వచ్చినట్టు మాట్లాడే నేను, ఆ ఒక్క మాటకి జవాబు చెప్పాల్సినప్పుడు ముక్కులోంచి నీళ్ళు కారుస్తూ నిలబడ్డాను. కళ్ళలోంచి కూడా కారాయి. రెండూ ఉప్పే కాబట్టి ఆమెకి తేడా తెలిసి ఉండదు. కొంగుతో అంతా కలిపి తుడిచేసింది.

అయిదో నెల నిండుతుండగా ఒక మధ్యాహ్నం దారాలు కత్తిరిస్తూ తుమ్మాను. అలవాటుగా చేతులు కడుపు మీదికి పోబోయి ఆగాయి. కత్తెర కూడా కింద పెట్టలేదు. సరిగ్గా అప్పుడే లోపల ఎవరో వేలితో చిన్నగా పొడిచినట్టయింది. ఇంకో తుమ్ము, ఇంకో పోటు. నా కూతురు నాతో మొదటిసారి మాట్లాడింది అలా, మెల్లగా తుమ్మవే అని తిట్టడానికి.

ఎండలు ముదిరే రోజుల్లో పుట్టింది. మంచి బరువు, మంచి గొంతు.

ఆ తర్వాత వానలు పడగానే మా గది వెనక ప్లాటులో మళ్ళీ ఆ మొక్కలు లేచాయి. పూత పట్టకముందే మా అత్త తన పాత జట్టును పోగేసింది. ఆరుగురు ఆడవాళ్ళు ముఖాలకి చున్నీలు, చేతులకి ప్లాస్టిక్ సంచులు కట్టుకుని వేళ్ళతో సహా పీకడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు చూస్తే బ్యాంకు దోపిడీకి వచ్చిన ముఠా దారి తప్పిందనుకునేవాళ్ళు. నేను బిడ్డను ఒళ్ళో పెట్టుకుని మూసిన కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను.

నా ఒళ్ళో తుమ్ము పడింది. చిన్నది, పిచ్చుక ముక్కుతో తుమ్మినట్టు. అద్దంలోంచి ఎలా వినబడిందో తెలియదు, ప్లాటు మధ్యలో మా అత్త నడుము నిటారుగా అయింది. నేను కిటికీ బెత్తెడు తెరిచాను.

"ఎవ్వరిది?" అని అరిచింది.

"నాది గాదు!"

పీకిన మొక్క చేతిలో అలాగే ఉంది. "ఎన్ని తుమ్మింది?"

"ఒక్కటే అత్తమ్మా. పసిపిల్లలు తుమ్ముతరని డాక్టరమ్మ చెప్పింది గద, ఏం గాదు."

"ఒక్కటేనా? నిజంగ?"

"ఒక్కటే!"

"ఐతే మా దిక్కు పోలికే," అని అందరికీ వినబడేలా చెప్పి, మళ్ళీ మొక్కల మీదికి వంగింది. "కిటికీ మూసెయ్యే!"